మూడు కిలోమీటర్లకు మారథాన్ అనకండి

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో ఒక ఫొటో వేశారు. పదిమంది పెద్దలు, మధ్యలో జెండా, వెనకాల టోపీలు పెట్టుకున్న పిల్లలు, కింద ‘3కే మారథాన్‌కు విశేష స్పందన’ అని. జెండా ఎవరు ఊపారో, పక్కన ఎవరెవరు నిలబడ్డారో హోదాలతో సహా రాసుకొచ్చి, పరుగెత్తినవాళ్ల దగ్గరికి వచ్చేసరికి ‘యువత ఉత్సాహంగా పాల్గొన్నారు’ అన్న ముక్కతో సరిపెట్టేశారు. ఇది మీ ఒక్క పత్రిక పనే కాదు లెండి, అన్నీ అలాగే రాస్తున్నాయి. మా గుమ్మంలో పడేది మీదే కాబట్టి మీకు రాస్తున్నాను.

నేను హైస్కూల్లో లెక్కల టీచర్ని. మారథాన్ అంటే 42.195 కిలోమీటర్లు. 1908 లండన్ ఒలింపిక్స్‌లో పెట్టిన దూరం అది, 1921లో దాన్నే ఖాయం చేశారు. మూడు కిలోమీటర్లంటే అందులో పద్నాలుగో వంతు. పద్నాలుగు రూపాయల బాకీకి రూపాయి చేతిలో పెట్టి చెల్లయిపోయిందంటే కొట్టువాడు ఊరుకుంటాడా? మూడు కిలోమీటర్లు పరుగెత్తేవాళ్లని తక్కువ చేయట్లేదండీ, ఈ ఆగస్టులో నాకు మూడొందల మీటర్లు కూడా చేతకాలేదు. ‘3కే రన్’ అని రాయండి, అంతే కదా.

నాకెందుకింత ఉడుకుమోత్తనం అంటే, డిసెంబర్‌లో మన విశాఖ బీచ్ రోడ్డు మీద హాఫ్ మారథాన్‌కి పేరిచ్చాను. 21.0975 కిలోమీటర్లు. నాకు 46 ఏళ్లు, షుగర్ బోర్డర్‌లో ఉందని డాక్టర్ గారు చెప్పిన రోజున మొదలైన వ్యవహారం ఇది. స్టాఫ్ రూమ్‌లో ఈ సంగతి చెప్తే మా తోటి టీచరు ఒకావిడ, ‘ఓ, మారథానా, మా బుడ్డోడు కూడా మొన్న పరుగెత్తాడండీ, టీషర్టు, అరటిపండు ఇచ్చారు’ అంది. ఆవిడ తప్పేం లేదు, పేపర్లో చదివిందే అంది. నాలుగు నెలల నుంచి తెల్లవారుజామున నాలుగింటికి లేస్తున్నదాన్ని నేను, ఆ అరటిపండు దగ్గర ఏం మాట్లాడాలో తెలియక ఊరుకున్నాను.

ఆ నాలుగు నెలల్లో ఏం జరుగుతుందో మీ పేజీల్లో ఎప్పుడూ కనబడదు కాబట్టి కొంచెం చెప్పనివ్వండి. మా ఎం.వి.పి. కాలనీ నుంచి నలుగురం, ముగ్గురు ఆడవాళ్లం, నేవీలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన. ఆయన్ని బాబాయిగారూ అంటాం. ఆయన మొదటిరోజే ఒకటే చెప్పారు, పక్కవాళ్లతో మాట్లాడుతూ పరుగెత్తగలిగితే పరుగెత్తమ్మా, మాట తెగిపోతుంటే నడు, అని. ఆగస్టులో విశాఖ ఉక్కపోత మీకు తెలిసిందే, గాలిలో అంత తేమ ఉంటే చెమట పడుతుంది గానీ ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు, గుండె మాత్రం దడదడా కొట్టుకుంటుంది. కాబట్టి మొదటి మూడు వారాలు కరెంటు స్తంభాల లెక్క, ఒక స్తంభం నుంచి ఇంకో స్తంభం దాకా పరుగు, తర్వాతది నడక. మంగళ, గురువారాలు నాలుగైదు కిలోమీటర్లు, ఆదివారం మాత్రం లాంగ్ రన్. ఆరు, ఏడు, ఎనిమిది అని పెంచుకుంటూ పోయి, నాలుగో వారం మళ్లీ తగ్గించాలి. ఆ తగ్గించడం దగ్గరే అందరూ తప్పు చేస్తారు, నేనూ చేశాను. సెప్టెంబర్‌లో ఊపు మీద ఉండి తగ్గించకుండా పదకొండు కొట్టేశాను, మర్నాటి నుంచి మోకాలి కింద ముందు ఎముక సలుపు, పది రోజులు క్లాసులో కుర్చీ వేసుకుని కూర్చునే బోర్డు మీద చెప్పాల్సి వచ్చింది.

షూ కథ వేరే. సరిగ్గా నా కొలతకి కొన్నాను, అదే పొరపాటు. గంట దాటితే పాదం కాస్త ఉబ్బుతుందట, అర సైజు పెద్దది కొనాలట, అదీ సాయంత్రం పూట వెళ్లి. అది తెలిసేలోపే కుడి కాలి బొటనవేలి గోరు నల్లబడిపోయింది. మా అమ్మ చూసి ‘బస్సులో ఎవరైనా తొక్కారా’ అని అడిగింది. పరుగు వల్ల అని చెప్తే నమ్మలేదు, ఇప్పటికీ ఎవరో తొక్కారనే అనుకుంటోంది. ఆడవాళ్లు పరుగెత్తడం గురించి మా అమ్మకే కాదు, పెద్ద పెద్దవాళ్లకీ చాలాకాలం నమ్మకం లేదు లెండి. ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకి మారథాన్ పెట్టింది 1984లో, అంటే నేను ఒకటో తరగతికి వెళ్లే రోజుల్లో.

ఇక అసలు చెప్పాలనుకున్నది మొన్నటి ఆదివారం గురించి. ఆ రోజు మా లాంగ్ రన్ 18 కిలోమీటర్లు. ఎప్పుడూ ఆర్కే బీచ్ నుంచి తెన్నేటి పార్కు దాకా అటూ ఇటూ తిరగడమే, ఒడ్డున మ్యూజియంగా పెట్టిన సబ్‌మెరైన్‌ని ఎన్నిసార్లు చూశామో లెక్కలేదు. ఈసారి వెనక్కి రావద్దు, ఒకవైపే పోదాం, భీమిలి వైపు, అన్నారు బాబాయిగారు. తెన్నేటి పార్కు దగ్గర 4.45కి బయల్దేరాం. జోడుగుళ్లపాలెం దాకా చీకటే, సముద్రం కనబడదు, కుడి చెవిలో వినబడుతూ ఉంటుంది. సాగర్‌నగర్ దగ్గర నాలుగు కుక్కలు కాసేపు మాతో పరుగెత్తి, మా స్పీడు చూసి విసుగొచ్చిందేమో ఆగిపోయాయి. మా స్పీడు కిలోమీటరుకు ఎనిమిదిన్నర నిమిషాలు. నవ్వకండి, లాంగ్ రన్ నిదానంగానే చేయాలి. ఒంట్లో వెంటనే వాడుకునే చక్కెర నిల్వ కొంతే ఉంటుంది, నిదానంగా పోతే ఒళ్లు కొవ్వుని కూడా కరిగించుకుంటూ దాన్ని పొదుపుగా వాడుతుంది, తొందరపడ్డామా సగం దారిలో బ్యాటరీ అయిపోయిన ఫోన్‌లా ఆగిపోతాం.

రుషికొండ దాటి ఒక ఎత్తు ఎక్కాం. ఆరు దాటింది. అప్పటిదాకా బూడిద రంగులో ఉన్న నీళ్ల మీద ముందు ఒక గీతలా ఎరుపొచ్చింది, చూస్తుండగానే గుడ్డులో పచ్చసొనలా సూర్యుడు పైకొచ్చాడు. విశాఖలో పుట్టి పెరిగినదాన్ని, ఎన్నో వందల సూర్యోదయాలు చూశాను, కానీ అవన్నీ నిలబడి చూసినవే. పరుగెత్తుతూ చూస్తే వెలుతురు మనతో పాటు వస్తుంది, ఒక మలుపులో సరుగుడు చెట్ల వెనక, ఇంకో మలుపులో తాటిచెట్ల మధ్య, దిగుడులో నేరుగా కళ్లలోకి. ఎడమవైపు తొట్లకొండ మీద ఇంకా మంచు ఉంది. మాలో ఒకావిడ ఎప్పుడూ కబుర్లాడకుండా ఉండలేదు, ఆవిడ కూడా రెండు కిలోమీటర్లు నోరు మెదపలేదు. అడుగుల చప్పుడు ఒక్కటే.

మంగమారిపేట దగ్గర పడవలు ఒడ్డుకొచ్చాయి. వలల్లోంచి చేపలు విదిలిస్తున్న ఒక ముసలమ్మ మమ్మల్ని చూసి, ‘ఎవులైనా తరుముతున్నారేటమ్మా?’ అంది. లేదమ్మా ఊరికే, అన్నాం. ఊరికే పరిగెత్తడమేటని ఇంకా ఆశ్చర్యపోయింది. తాగడానికి నీళ్లున్నాయా అంటే ఇంట్లోకి వెళ్లి చెంబుతో తెచ్చిచ్చింది. ఉప్పు, నిమ్మకాయ కలిపి మేం సీసాల్లో తెచ్చుకున్నది పదో కిలోమీటర్‌కే అయిపోయింది, ఆ చెంబు లేకపోతే అక్కడే కూలబడేవాళ్లం.

ఎర్రమట్టి దిబ్బలు దాటాక బాబాయిగారి వాచీ 18 చూపించింది. రెండు గంటల ముప్పై ఎనిమిది నిమిషాలు. ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి, ఏది ముందో తెలియలేదు. వెనక్కి ఆర్టీసీ బస్సులో వచ్చాం. తడిసి ముద్దయిన మమ్మల్ని చూసి కండక్టర్, ‘సముద్రంలో ములిగొచ్చారేటమ్మా’ అన్నాడు. ఆడవాళ్లకి ఉచితం కదా, ప్లాస్టిక్ కవర్లోంచి ఆధార్ తీసి చూపించాం, బాబాయిగారొక్కరే డబ్బులిచ్చి టికెట్ కొనుక్కున్నారు. మేం రెండున్నర గంటలు పరుగెత్తిన దారి కిటికీలోంచి వెనక్కి పోతుంటే, ఇక్కడ చూడు, ఇక్కడే కదా నీ లేసు ఊడింది, అని ఒకళ్లకొకళ్లం చూపించుకుంటూ కూర్చున్నాం.

ఇప్పుడు అడగాల్సింది అడుగుతాను. తొట్లకొండకి ఆ పేరు ఎందుకొచ్చిందో చాలామందికి తెలుసు, కొండరాతిలో తొలిచిన నీటి తొట్ల వల్ల. రెండు వేల ఏళ్ల కిందట అక్కడున్న బౌద్ధ భిక్షువులకి వాననీళ్లు పట్టుకుని దాచుకునే ఏర్పాటుండేది. అదే కొండ కింద ఇవాళ ఆ వేళప్పుడు మాకు తాగడానికి ఒక కుళాయి కనబడలేదు. దుకాణాలు తెరవరు. ఆడవాళ్లకి వేరే అవసరం ఉంటే ఇంకా కష్టం, అందుకే చాలామంది నీళ్లు తాగడమే మానేసి పరుగెత్తుతారు, అది ఎంత ప్రమాదమో ఏ డాక్టర్ని అడిగినా చెప్తారు. ఇంకో సంగతి, మేం పరుగెత్తే వేళకి ఎదురుగా కార్లు ఎంత జోరుగా వస్తాయో చెప్పలేను, రుషికొండ తర్వాత వెడల్పు రోడ్డు, ఖాళీ రోడ్డు, పైగా వీకెండ్. రెండుసార్లు పక్కన ఇసుకలోకి దూకాం. రోడ్డు మొత్తం మూసేయమని అనట్లేదు. ఆదివారం తెల్లవారుజామున సముద్రం వైపు ఒక్క వరస, ఏడున్నర దాకా, పరుగెత్తేవాళ్లకీ సైకిళ్లవాళ్లకీ వదిలితే చాలు. రెండు మూడు చోట్ల కుళాయి, ఒక మరుగుదొడ్డి, తెల్లవారక ముందే తాళం తీసి ఉండేది.

వీటి మీద మీరు ఒక వార్త రాస్తే అధికారులు చదువుతారు, నా అర్జీ అయితే ఎవరూ చదవరు. అందుకని మీ రిపోర్టర్ని వచ్చే ఆదివారం నాలుగున్నరకి తెన్నేటి పార్కు దగ్గరికి పంపండి. ఆయన పరుగెత్తనక్కర్లేదు, బండి మీద రావచ్చు. వస్తూ వస్తూ రెండు లీటర్ల నీళ్లు మాత్రం తెమ్మనండి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం