సెకండ్‌హ్యాండ్ కారుకు బిల్లుపైనే హామీ రాయాలి

సెకండ్‌హ్యాండ్ కారు కొన్న నెలకే గేర్‌బాక్స్ మొరాయిస్తే, ‘ఉన్నది ఉన్నట్టుగా అమ్మాం, సంతకం పెట్టారు కదా’ అంటూ డీలర్లు చేతులు దులుపుకుంటున్నారు. తెలిసీ దాచిన లోపానికి ఆ ఒక్క వాక్యం రక్ష కాదు. వ్యాపారంగా అమ్మేవారికి 2019 వినియోగదారుల రక్షణ చట్టం పాత బండ్ల విషయంలోనూ వర్తిస్తుంది. తెలిసినవారి దగ్గర నేరుగా కొంటే మాత్రం వర్తించదు, ఈ తేడా చాలామందికి తెలియదు. 2024లో విజయవాడను బుడమేరు ముంచినప్పటిలా వరద నీళ్లలో నానిన కార్లు పాలిష్‌తో తళతళలాడుతూనే అమ్మకానికొస్తాయి. సీటు బెల్టు చివరిదాకా లాగితే బురద చార కనిపిస్తుంది. కార్పెట్ ఎత్తితే సీటు బోల్టులకు తుప్పు, వైరింగ్ కనెక్టర్లలో పచ్చటి చిలుము. లోపం బయటపడితే ముందు ఫొటోలు, వేరే మెకానిక్ నుంచి రాతపూర్వక నివేదిక, తర్వాత డీలర్‌కు స్పీడ్ పోస్టులో నోటీసు. ఈలోపు ఇంజిన్ విప్పించారో, రుజువు పోయినట్టే! దారికి రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు, రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు. చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపైతే ఫీజు కూడా లేదు. పాత వాహనాల డీలర్లు అనుమతి పత్రం తీసుకోవాలన్న కేంద్ర నిబంధన 2023 ఏప్రిల్ నుంచి ఉంది. ఇంజిన్, గేర్‌బాక్స్‌లకు మూడు నెలల హామీని, పాత బీమా క్లెయిముల వివరాలను, మీటరు రీడింగును బిల్లుపై రాయడం ఆ అనుమతికి షరతుగా చేర్చాలి. రాయని డీలర్ అనుమతిని రవాణా శాఖ రద్దు చేయాలి.