బుడగల కప్పులు: ఈ దీపావళికి మేము ఒప్పుకోగలిగినవి, ఒప్పుకోలేనివి

మా దగ్గర మట్టిపాత్రలు కొనేవారందరికీ నమస్కారం. దీపావళి కానుకల కోసం బుడగల డిజైను కప్పులు కావాలని అడిగేవారు ఈమధ్య బాగా పెరిగారు. వారిలో చాలామంది కోరిక ఒకటే: ఫొటోలో చూసిన నీలిరంగు కప్పులాంటివే ఆరు కావాలి, లేదా ఆఫీసులో పంచడానికి యాభై కావాలి, అన్నీ ఒకే తీరుగా ఉండాలి, ధర మాత్రం పోయినేడాది ధరే ఉండాలి. ఈ రెండూ మా వల్ల కావు. ఎందుకు కావో ఫోనులో ఒక్కొక్కరికీ సగం సగం చెప్పేకంటే, ఆ కప్పు ఎలా తయారవుతుందో అందరికీ ఒకేసారి పూర్తిగా చెప్పడం మర్యాద అనిపించి ఇది రాస్తున్నాము.

సారె మీద చేసిన కప్పును నీడలో ఆరబెట్టి, కరెంటు బట్టీలో సుమారు 1000 డిగ్రీల సెల్సియస్ వద్ద మొదటిసారి కాలుస్తాము. ఆ కాల్పుతో కప్పు గట్టిపడుతుంది కానీ దాని ఒంటినిండా కంటికి కనబడని రంధ్రాలు మిగిలే ఉంటాయి. నాలుక ఆనిస్తే అంటుకుపోయేంతగా అది తడిని లాగేస్తుంది. బుడగల పనికి కావలసింది ఈ పీల్చుకునే గుణమే. అండర్‌గ్లేజు అనే ఖనిజపు రంగును నీళ్లలో పలచగా కలిపి, అందులో గిన్నెలు తోమే లిక్విడ్ కొన్ని చుక్కలు వేసి, స్ట్రాతో ఊదితే గ్లాసు అంచు దాటి రంగు నురగ పొంగుతుంది. ఆ నురగకు కప్పును పక్కగా ఆనించగానే, బుడగ పొర తాకినచోట ఉన్న నీటిని మట్టి పీల్చేసుకుంటుంది, బుడగ పగిలిపోతుంది, దాని అంచున పేరుకున్న రంగు మాత్రం గుండ్రని గీతగా కప్పు మీద నిలిచిపోతుంది.

మీ ఇంట్లో ఇప్పటికే మా కప్పు ఉంటే ఆ గీతలను ఒకసారి వెలుతురులో దగ్గరగా చూడండి. ఒంటరిగా తాకిన బుడగ వలయాన్ని వదులుతుంది. గుంపుగా తాకిన బుడగలు తేనెపట్టులాంటి అల్లికను వదులుతాయి. ఆ అల్లికలో దాదాపు ప్రతి కూడలి దగ్గరా మూడు గీతలే కలుస్తాయి, నాలుగు కలిసిన చోటు వెతికినా దొరకడం కష్టం. నురగలో పొరలు ఎప్పుడూ మూడేసి చొప్పున, 120 డిగ్రీల కోణంలో కలుస్తాయని బెల్జియం శాస్త్రవేత్త జోసెఫ్ ప్లేటో 1873లో వివరించాడు. అప్పటికే ఆయనకు చూపు పోయి చాలా ఏళ్లయింది; ఆ బుడగలను ఆయన తరఫున ఇతరులు చూసి చెప్పారన్నది మాకు ఎప్పుడు తలచుకున్నా ఆశ్చర్యంగానే ఉంటుంది. మూడు పొరలు కలిసే ఆ సందులోకే నీరు చేరుతుంది, నీటితోపాటు రంగూ చేరుతుంది కాబట్టి కూడలి దగ్గర చుక్క ముదురుగా ఉంటుంది. అలాగే పొరలోని నీరు కిందికి జారుతుంది కాబట్టి వలయంలో ఒకవైపు గీత కొంచెం లావుగా ఉంటుంది. ఆ లావుపాటి వైపును బట్టి, బుడగ తాకిన క్షణంలో కప్పును ఎటు వంచి పట్టుకున్నామో చెప్పేయవచ్చు.

ఈ పనిలో మా చేతిలో ఉన్నవి చాలా కొద్ది. సన్నని స్ట్రా తీసుకుని గట్టిగా ఊదితే చిన్న బుడగలు, లావు స్ట్రాతో నిదానంగా ఊదితే పెద్ద బుడగలు వస్తాయి. రంగు ఎంత పలచగా ఉండాలో కూడా మేమే నిర్ణయించగలము. మిగతాదంతా గాలి, నీరు నిర్ణయిస్తాయి. హైదరాబాదు ఎండల్లో గాలి పొడిగా ఉన్నప్పుడు పొరలోని నీరు త్వరగా ఆవిరై, పెద్ద బుడగలు కప్పును చేరకముందే పగిలిపోతాయి. వానాకాలంలో అవే బుడగలు తీరిగ్గా నిలబడతాయి. మీలో చాలామంది మెచ్చిన ఆ ఫొటోలోని కప్పు ముసురు రోజుల్లో చేసినది. అంతంత వెడల్పు వలయాలను ఏప్రిల్‌లో తెప్పించడం ఎవరి తరమూ కాదు. ఇక మా బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి కాబట్టి బట్టల సబ్బు అరగదీసి వేస్తే నురగకు బదులు తెట్టు కడుతుంది. కుంకుడుకాయ రసం మాత్రం ఈ నీళ్లలోనూ చక్కగా నురగలు పోతుంది, దాని గోధుమరంగు బట్టీలో కాలిపోయి ఆనవాలు కూడా మిగలదు. అయితే అది నిలవ ఉంచితే వాసన కొడుతుంది, ఒకసారి తీసిన రసం చిక్కదనం మరోసారి రాదు. అందువల్ల దాన్ని కొన్ని ప్రత్యేకమైన పాత్రలకే వాడుతున్నాము. రంగు పొడి కూడా గ్లాసు అడుగుకు దిగిపోతూ ఉంటుంది కాబట్టి ఎంత కలియబెట్టినా మొదట చేసిన కప్పు ముదురుగా, చివరిది లేతగా వస్తుంది.

ధర సంగతి కూడా దాచకుండా చెబుతాము. గ్లేజు (కాల్చాక గాజులా మారే పూత) వేసిన మామూలు కప్పుకు రెండు కాల్పులు చాలు, బుడగల కప్పుకు ఈ ఏడాది నుంచి మూడు కాల్పులు ఇస్తున్నాము. బుడగ వదిలిన రంగు ఆరాక పొడిపొడిగా ఉంటుంది, అందులో సబ్బు అంశ కూడా ఉంటుంది. దాన్ని నేరుగా పారదర్శక గ్లేజులో ముంచితే గీతలు అలుక్కుపోతాయి, లేదా గ్లేజు అక్కడక్కడ ముడుచుకుపోయి మట్టి బయటపడుతుంది. అందుకే మధ్యలో సుమారు 800 డిగ్రీల వద్ద ఇంకోసారి కాల్చి, సబ్బును పోగొట్టి, రంగును నిలబెట్టి, ఆ తరవాతే గ్లేజులో ముంచి 1220 డిగ్రీల వరకు తీసుకెళుతున్నాము. ఇది కరెంటు బిల్లు ఖర్చు. రెండో ఖర్చు నీలిరంగుది. ఆ నీలానికి మూలం కోబాల్టు. ప్రపంచానికి కావలసిన కోబాల్టులో చాలా ఎక్కువ భాగం ఆఫ్రికాలోని కాంగో నుంచే వస్తుంది, బ్యాటరీల పరిశ్రమ దాన్ని పెద్దమొత్తంలో కొంటుంది. 2025 ఫిబ్రవరిలో ఆ దేశం కోబాల్టు ఎగుమతులను నిలిపివేశాక దాని ధర పెరిగింది, ఆ పెరుగుదల మా రంగు డబ్బా దాకా వచ్చింది. కాబట్టి 550 రూపాయల నీలి కప్పు ఇకపై 640 రూపాయలు. కోబాల్టు లేని ఆకుపచ్చ, గోధుమరంగు కప్పులు 600 రూపాయలు.

గులాబీరంగు అడుగుతున్న పెళ్లివారికి ఒక మాట. ఆ రంగు క్రోమియం, తగరం కలిసినప్పుడు వస్తుంది, దాని మీద పోసే గ్లేజులో జింకు ఉంటే చెడిపోయి బూడిద, గోధుమ ఛాయలకు తిరుగుతుంది. మేము వాడే పారదర్శక గ్లేజులో జింకు ఉంది. ఒక్క రంగు కోసం, అన్ని పాత్రలకూ నమ్మకంగా కుదిరిన గ్లేజును మార్చే ఉద్దేశం ప్రస్తుతానికి లేదు.

బుడగల డిజైను కప్పు వెలుపల మాత్రమే వేస్తాము. లోపల, పెదవి తగిలే అంచున రంగు లోహాలేవీ లేని తెల్లని గ్లేజే ఉంటుంది. గీతల మీద గ్లేజు పొర ఉన్నా సరే, చింతపండు, నిమ్మకాయ లాంటి పులుపు తగిలే చోట రంగులు వద్దన్నది మా పట్టుదల. ఇదే డిజైనుతో ఆవకాయ జాడీలు చేయమని అడుగుతున్నవారికి మా జవాబు కూడా ఇక్కడే ఉంది. ఉప్పు, కారం, నూనె, పులుపు ఏడాదిపాటు ఊరే పాత్ర వేరే స్థాయి పని. దానికి బజారులో దొరికే గోధుమ, తెలుపు రంగుల పాతకాలపు జాడీయే మా జాడీకన్నా మేలు, మా ఇంట్లోనూ అదే వాడుతున్నాము.

సెలవుల్లో పిల్లలకు ఈ పని నేర్పమని కూడా అడుగుతున్నారు. పిల్లలు ఊదబోయి పీల్చడం మామూలే, ఈ రంగుల్లో ఉండే కోబాల్టు, మాంగనీసు కడుపులోకి వెళ్లవలసినవి కావు. మేము వాడే స్ట్రాలకు పైభాగాన గుండుసూదితో రంధ్రం పెడతాము. పొరపాటున పీల్చినా గాలే వస్తుంది, రంగు పైకి ఎక్కదు. అయినా చిన్నపిల్లలకు మాత్రం మట్టి పిసికే తరగతులే నడుపుతాము. బుడగల సరదా కావాలంటే ఇంట్లోనే మిఠాయి రంగుతో, కాగితం మీద చేయించండి.

ఇకపై బుడగల కప్పుల్లో ప్రతిదానికీ విడిగా ఫొటో తీసి, నంబరు వేసి పెడతాము. మీరు ఎంచుకున్న నంబరు కప్పే మీకు వస్తుంది. ఆరు కావాలనేవారికి ఒకే పూట, ఒకే గ్లాసు రంగుతో చేసిన ఆరింటిని కలిపి ఇస్తాము. అవి ఒకే ఇంటి పిల్లల్లా ఉంటాయి కానీ కవలల్లా ఉండవు. యాభై ఒకే తీరుగా కావలసినవారు డిజైను లేని నీలి గ్లేజు కప్పులు తీసుకోవడం మంచిది, వాటి ధర మారలేదు. వలయాలు లేతగా పడినవి, వెలుపల గ్లేజులో సూదిమొన రంధ్రం ఉన్నవి సగం ధరకు విడిగా పెడుతున్నాము. వాటిలో పగులు గానీ కారడం గానీ ఉండదు. వానల వల్ల పచ్చి పాత్రలు ఆరడం ఆలస్యమవుతోంది కాబట్టి దీపావళి ఆర్డర్లు పండగకు నెల రోజుల ముందే ఆపేస్తాము. ఒకే తీరు కప్పుల కోసం ఇప్పటికే బయానా ఇచ్చినవారు నంబరు కప్పులకు మార్చుకోవచ్చు, అక్కర్లేదంటే మొత్తం సొమ్ము వాపసు ఇస్తాము. ఏది కావాలో ఈ వారంలోగా ఒక్క మెసేజి పెడితే చాలు.