పాప బడి గురించి తమ్ముడికి

రీడింగ్, ఇంగ్లాండ్

చిరంజీవి తమ్ముడికి అక్క ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. అమ్మకు మోకాళ్ల నొప్పి తగ్గిందని తెలిసి మనసు కుదుటపడింది.

పాపను వచ్చే జూన్‌లో ఒకటో తరగతిలో ఎక్కడ చేర్చాలన్న విషయం ఫోన్లో తీరిగ్గా మాట్లాడుకోలేకపోయాం కనుక నా అభిప్రాయం వివరంగా రాస్తున్నాను. హైదరాబాద్ శివార్లలో నార్సింగి దగ్గరి పెద్ద బడికన్నా నల్లకుంటలో మన ఇంటి నుంచి నడిచి వెళ్లగలిగిన ఆ చిన్న బడినే ముందు చూడండి. ఆరేళ్ల పిల్ల పొద్దున్న ఆరున్నరకు బస్సెక్కి, సాయంత్రం మెహదీపట్నం ట్రాఫిక్‌లో కునికిపాట్లు పడుతూ ఇల్లు చేరవలసి వస్తే, ఈత కొలనూ ఏసీ గదులూ ఆ అలసటను తీర్చవు. ఇక్కడ ఇంగ్లాండ్‌లో ప్రాథమిక పాఠశాలకు జనవరి 15లోగా దరఖాస్తు పెట్టుకోవాలి. సీట్లకన్నా పిల్లలు ఎక్కువైనప్పుడు చాలా ప్రభుత్వ బడుల్లో చివరికి ఇల్లు ఎంత దగ్గరో చూసే సీటు ఇస్తారు. పైగా తనిఖీ అధికారులు ఒక్కో బడి గురించి రాసిన నివేదికను ఎవరైనా చదువుకోవచ్చు. మన ఊళ్లో ప్రైవేటు బడికి వెళితే చేతికి వచ్చేది రంగుల బ్రోషరే కాబట్టి, ఆ తనిఖీ మీరిద్దరే చేయక తప్పదు.

బడికి ప్రభుత్వ గుర్తింపు ఉందో లేదో, సీబీఎస్‌ఈ అని బోర్డు పెట్టుకుంటే ఆ అనుబంధం నిజంగా వచ్చిందో లేక వస్తుందన్న ఆశ మాత్రమేనో ముందు తేల్చుకోండి. ఆ తర్వాత రెండో తరగతి పిల్లల నోటుపుస్తకాలు నాలుగైదు చూపించమని అడగండి. అన్నిటిలోనూ ఒకే వ్యాసం అక్షరం పొల్లుపోకుండా ఉండి, తప్పుల మీద కూడా ఎర్ర సిరాతో ‘గుడ్’ అని పడి ఉంటే, అక్కడ నల్లబల్ల మీది రాత నోటుపుస్తకంలోకి ఎక్కించడమే చదువుగా నడుస్తోందని అర్థం. ఒక్కొక్కరూ ఒక్కోలా రాసి, టీచరు తప్పు దగ్గర ఆగి పక్కనే సరిదిద్ది చూపిన పుస్తకాలు కనబడితే ఆ బడికి సగం మార్కులు వేసేయవచ్చు. మరుగుదొడ్లు కూడా చూసి రండి. కుళాయి పిల్లల చేతికి అందుతోందా, నీళ్లు వస్తున్నాయా అన్నది మరదలికి ఒక్క చూపులో తెలిసిపోతుంది.

ఫీజు విషయంలో టర్మ్ ఫీజు ఒక్కటే అడిగి ఊరుకోవద్దు. పుస్తకాలు, యూనిఫాం, బూట్లు, బస్సు, యాక్టివిటీల పేరిట తీసుకునేవన్నీ కలిపి ఏడాదికి ఎంతవుతుందో రాసి ఇమ్మనండి. 1994 నాటి జీవో 1 ప్రకారం వసూలైన ఫీజులో సగం సిబ్బంది జీతాలకే పోవాలి. అందువల్ల ఒకటో తరగతి టీచరు అక్కడ ఎన్నేళ్లుగా పనిచేస్తున్నారో అడిగితే, డబ్బు ఎటు పోతోందో కొంతవరకు తెలుస్తుంది. ఏటా టీచర్లు మారిపోయే బడికి గేటు ఎంత గొప్పగా ఉన్నా నేనైతే పంపను.

పెద్ద బడివాళ్లు పాపకూ మీ ఇద్దరికీ ‘ఇంటరాక్షన్’ ఉంటుందన్నారని చెప్పావు. పేరు ఏదైనా, చేర్చుకునే ముందు పిల్లలనుగానీ తల్లిదండ్రులనుగానీ వడపోయకూడదని 2009 విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. డొనేషన్ పుచ్చుకోవడాన్నీ అదే సెక్షన్ నిషేధించింది. దీని కోసం వాళ్లతో వాదనకు దిగమని కాదు, మీరు బెదిరిపోకుండా ఉండాలనే చెబుతున్నాను.

తెలుగు సంగతి కూడా అడగండి. 2018 చట్టం వల్ల తెలంగాణలో ఏ బోర్డు బడి అయినా తెలుగు నేర్పించవలసిందే. అయితే టైం టేబుల్‌లో వారానికి ఎన్ని పీరియడ్లు ఇచ్చారో, విడిగా తెలుగు టీచరు ఉన్నారో లేరో చూస్తేగాని అది ఎంత నిజమో తెలియదు. బరువు విషయం మరిచాను: 2020 నాటి కేంద్ర విధానం ప్రకారం పుస్తకాల సంచి పిల్లల బరువులో పదో వంతుకు మించకూడదు. పాప ఇరవై కిలోలుంటే సంచి రెండు కిలోలు దాటరాదన్నమాట.

సీట్లు అయిపోతున్నాయని తొందరపెడితే, కట్టిన డబ్బు మానుకున్నప్పుడు ఎంత తిరిగి ఇస్తారో కాగితం మీద రాయించుకోకుండా పైసా కట్టవద్దు. వచ్చే శనివారం కాకుండా, తరగతులు నడిచే రోజున మరదలిని తీసుకుని వెళ్లి, చూసింది చూసినట్టు నాకు రాయి.

అమ్మానాన్నలకు నమస్కారాలు, మరదలికి ఆశీస్సులు, పాపకు ముద్దులు.

మీ అక్క