రోమన్ లిపిలో చిక్కుకున్న తెలుగు పేర్లు

సంపాదకుల వారికి,

సోమిద చెట్టు ప్రజాతి (శాస్త్రీయ నామంలో మొదటి మాట) పేరు సోయ్‌మిడా. కట్లపాముల ప్రజాతి పేరు బంగారస్. రెండూ తెలుగు మాటల నుంచి వెళ్లినవే. కోరమాండల్ తీరపు మొక్కల మీద వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్ రాసిన మూడు సంపుటాల్లో (1795లో మొదలై 300 చిత్రాలతో వెలువడినవి), పాట్రిక్ రస్సెల్ 1796లో ప్రచురించిన పాముల గ్రంథంలో ఇలాంటి తెలుగు పేర్లు రోమన్ అక్షరాల్లో ఉన్నాయి. బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీలో వీటిని ఎవరైనా ఉచితంగా చదవవచ్చు. 2006లో మొదలైన ఈ డిజిటల్ గ్రంథాలయంలో ఇప్పుడు 6 కోట్లకు పైగా పేజీలున్నాయి. అయినా ‘మోదుగ’ అని తెలుగులో వెతికితే ఆ చెట్టును వర్ణించిన పేజీ దొరకదు.

స్కాన్ చేసిన పేజీని ఓసీఆర్ అక్షరాలుగా మారుస్తుంది. ఆ పాఠంలో లాటిన్ శాస్త్రీయ నామాలను గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ ఉంది. పక్కనే ఉన్న తెలుగు పేరు మాత్రం దానికి ఉత్త అక్షరాల గుంపు. పైగా ఆనాటి దొరలు చెవికి తోచినట్టు రాసుకున్నారు. పాత అచ్చులోని పొడవాటి ‘ఎస్’ను యంత్రం ‘ఎఫ్’గా చదివేస్తుంది. ఈ చిక్కు విప్పాలంటే తెలుగు తెలిసిన మనిషే కావాలి, అందుకు తగిన చోటు వికీడేటా (వికీపీడియాకు తోడుగా ఉండే, ఎవరైనా సవరించగల సమాచార భాండాగారం).

పని ఇలా సాగుతుంది. ముందు పాత శాస్త్రీయ నామం తెలుసుకోవాలి. మోదుగ ఇప్పుడు బ్యూటియా మోనోస్పెర్మా, రాక్స్‌బర్గ్ దగ్గర బ్యూటియా ఫ్రాండోసా. కొత్త పేరుతో మాత్రమే వెతికితే పాత పేజీ తప్పిపోతుంది. పర్యాయనామాలు లండన్‌లోని క్యూ ఉద్యానవనం వారి ‘ప్లాంట్స్ ఆఫ్ ద వరల్డ్ ఆన్‌లైన్’లో దొరుకుతాయి. పేజీ దొరికాక ఓసీఆర్ పాఠాన్ని నమ్మకుండా బొమ్మలో అచ్చయిన అక్షరాలే చూడాలి. తర్వాత వికీడేటాలో ఆ జాతి అంశం (దానికి కేటాయించిన పేజీ) తెరిచి, వాడుక పేరు గడిలో భాష తెలుగుగా ఎంచుకుని, తెలుగు లిపిలో పేరు చేర్చాలి. దాని కింద ఆధారంగా పుస్తకం, అచ్చులోని పుట సంఖ్య, పి687 అనే ప్రాపర్టీ (గడి)లో గ్రంథాలయపు పేజీ సంఖ్య ఇవ్వాలి. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. గ్రంథాలయపు లింకుల్లో గ్రంథానికొక సంఖ్య, సంపుటానికొకటి, పేజీకొకటి ఉంటాయి. గ్రంథం సంఖ్య ఇచ్చి ఊరుకుంటే సరిచూసేవారు సంపుటాలన్నీ తిరగేయాలి.

పాత నామానికీ కొత్త నామానికీ వికీడేటాలో వేర్వేరు అంశాలుంటే వాటిని విలీనం చేయకూడదు. పర్యాయనామంగా ముడిపెడితే చాలు. ఒకే తెలుగు పేరు రెండు మూడు మొక్కలకు చెల్లడం మామూలే కాబట్టి పుస్తకంలోని వర్ణన, చిత్రం సరిపోలాకే పేరు ఎక్కించాలి. రస్సెల్ ‘కాటుక రేకుల పొడ’ అన్న పాము ఇప్పటి రక్తపింజర. పాత పేరు చేర్చామని కొత్తదాన్ని తీసేయనక్కర్లేదు, రెండూ ఉండవచ్చు.

చిత్రాలను ఉచిత బొమ్మల భాండాగారమైన వికీమీడియా కామన్స్‌లోకి ఎక్కించేటప్పుడు, వీలైతే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోని జేపీ2 (అధిక నాణ్యత గల బొమ్మ ఫైలు) స్కాన్ నుంచి తీసుకోవాలి. రాక్స్‌బర్గ్ సంపుటాలు అచ్చయి రెండు వందల ఏళ్లు దాటాయి కనుక కాపీరైట్ చిక్కు లేదు. అయితే చిత్రకారుడి గడిలో ఆయన పేరు రాయడం తప్పు. ఆ బొమ్మలు వేసింది భారతీయ చిత్రకారులు. వారి పేర్లు పుస్తకంలో ఇవ్వలేదు, ఆ అన్యాయాన్ని మనం కొనసాగించనక్కర్లేదు. వికీడేటా సీసీ0 (హక్కులన్నీ వదులుకునే లైసెన్సు) కింద ఉంటుంది కాబట్టి కాపీరైట్ ఉన్న నేటి నిఘంటువుల పట్టికలను గంపగుత్తగా అందులో పోయకూడదు.

వృక్షశాస్త్ర, తెలుగు శాఖల అధ్యాపకులు ఈ పనిని విద్యార్థులకు ప్రాజెక్టుగా ఇవ్వాలని మా మనవి. ఒక్కొక్కరికి 10 పేజీలు చాలు. వృక్షశాస్త్ర విద్యార్థి జాతిని నిర్ధారించాలి, తెలుగు విద్యార్థి పేరును చదవాలి. ఇద్దరినీ జంటగా కూర్చోబెట్టకపోతే ‘జీడి’ ఏ చెట్టుదో తేలక జీడిమామిడికి అతికించే ప్రమాదం ఉంది. రాక్స్‌బర్గ్ రాసిన నల్లజీడి వేరే చెట్టు మరి.

— కొందరు తెలుగు వికీ స్వచ్ఛంద కార్యకర్తలు