గుడ్డెలుగు ఆడుతలేదు యాదగిరీ

మహబూబ్‌నగర్

యాదగిరీ, ఎట్లున్నవ్ రా? చెల్లె, పోరగాళ్లు మంచిగున్నరనుకుంట.

నీ ఉత్తరంల రెండు ముచ్చట్లు రాసినవు. జూల గుడ్డెలుగు తల ఊపుకుంట ఆడుతుంటే పిల్లలు చప్పట్లు కొట్టిన్రని ఒకటి. మాగనూరు, కృష్ణ దిక్కు చేన్లల్ల పడి మేసే కృష్ణజింకలను పట్టి జూల ఇడిస్తే రైతు బాధ తీరుతది, వాటికీ తిండికి ఢోకా ఉండదని ఇంకొకటి. రెండిటికీ జవాబు ఈ ఉత్తరంలనే ఉంది, జర నిమ్మళంగ చదువు.

అది ఆట కాదు రా. నల్లమల గుడ్డెలుగుకు తిండి దొరకబట్టుడే పని. పుట్టను గోర్లతోని తవ్వుతది, మట్టి ఊదేస్తది, ముక్కు పుటాలు మూసుకొని చెదలను బుస్సుమని పీలుస్తది. పై దవడల నడిమి రెండు పండ్లు దానికి ఉండనే ఉండవు, ఆ సందులకెల్లే పీల్చుడు. ఇప్పపువ్వు, తునికిపండ్ల కాలంల చెట్టు చెట్టు తిరుగుతది. గంటలకొద్ది చేసే ఆ పని జూల తొట్టి కాడ పది నిమిషాలల్ల ఒడుస్తది. మిగిలిన పొద్దంతా ఏం జెయ్యాలె? ఒక్క దారి పట్టి అటిటు నడుస్తది, అదే మూలకు అదే తీరు మర్లుతది, తల ఊపుతది. తిండి తెచ్చే యాళ్లయితే ఇంకా ఎక్కువ. క్లబ్, మేసన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 2003ల లెక్క తీసి చెప్పిన్రు: అడవిల ఎక్కువ దూరం తిరిగే, వేటాడే జంతువులకే బోనుల ఈ నడక ఎక్కువ, వాటి కూనలు సచ్చుడు కూడ ఎక్కువ.

ఈసారి పోతే గడియారం చూసుకొని పది నిమిషాలు నిలబడు. 30 సెకన్లకోసారి అది ఏం చేస్తుందో ఒక గీత గియ్యి: పండుకుందా, తవ్వుతుందా, ఊగుతుందా. మొత్తం 20 గీతలు. పొద్దుగాల ఒకసారి, తిండి ముంగట ఒకసారి గీస్తే తేడా నీకే కనిపిస్తది.

మందు లేదా అంటే ఉంది. తిండి ఒక్కసారి పొయ్యకుండ ఐదారు పాళ్లు చేసి, టైం మార్చుకుంట, ఆకుల కింద, రాళ్ల సందులల్ల దాచాలె. మొద్దుకు లోతుగ బొక్కలు కొట్టి అండ్ల తేనె పుయ్యాలె. తవ్వుకునేటందుకు మట్టిగుంత, మనిషి కంటికి ఆనకుండ పండుకునే జాగ ఉండాలె. చానా తాన్ల ఇక్కడ్నే తప్పు జరుగుతది: ఒక టైరు ఏలాడదీసి ఆర్నెల్లు అట్లనే ఇడుస్తరు. నాలుగు దినాలకు దానికి ఇసుగొస్తది, అటెన్క దాని దిక్కు కూడ చూడది. ఇంకో మాట, ఏండ్లకేండ్లు ఊగిన జీవి పెద్ద జాగకు తెచ్చినా ఊగుడు బంద్ చెయ్యకపోవచ్చు. మనసుల మచ్చ తీరు మిగులుతది. అందుకే మొదలే ఆపాలె.

జూల ఉండే ఏనుగుదైతే కాళ్ల బాధ. సిమెంట్ గచ్చు మీద నిలబడి నిలబడి గోర్లు పగులుతయి, చీము పడతది, కీళ్లు వాస్తయి. యూరప్ జూలల్ల పుట్టిన ఆఫ్రికా ఆడ ఏనుగుల ఆయుష్షు మధ్యస్థంగ 16.9 ఏండ్లే, కెన్యాల అంబోసెలి పార్కుల, మనుషులు సంపినవాటిని లెక్క పట్టకుంటే, 56 అని 2008ల తేలింది. మన కేంద్ర జూ ప్రాధికార సంస్థ 2009లనే ఏనుగులను జూలల్ల ఉంచొద్దన్నది.

ఇగ నీ కృష్ణజింకలు. మొదటి మాట, అది 1972 వన్యప్రాణుల రక్షణ చట్టంల మొదటి షెడ్యూల్ జంతువు, మనం ముట్టరాదు. రెండోది, దాని ప్రాణమంతా ఉరుకుట్లనే ఉంది, గంటకు 80 కిలోమీటర్ల దాకా పోతది. తరిమి తరిమి వలేసి, కాళ్లు కట్టి ఎండల బండెక్కిస్తే ఒళ్లు కాగిపోతది, కండలు లోపట్నే సస్తయి, మూత్రం కాఫీ రంగుల వస్తది. ఆ దినం లేచి నిలబడ్డా, రెండు మూడు దినాలకు కాళ్లు పడిపోయి పానం పోతది. అప్పుడు ఏ డాక్టరొచ్చినా చేసేది తక్వనే.

సరైన పద్ధతి బోమా. గరాటు తీరు రెండు పక్కల ఎత్తుగ గుడ్డ కట్టుకుంట పోతరు. గుడ్డ అవతల ఏమీ కనిపించదు గనుక జింక అండ్లకు దుంకది, గుంపంతా నడుసుకుంట లారీ దాకా పోతది. సల్లటి పూట, మాట సప్పుడు లేకుండ చెయ్యాలె. కొమ్ముల పోతులను ఏరుగ పెట్టాలె. ఇడిచేది పెద్ద గడ్డిమైదానమైతేనే ఇంత కష్టానికి అర్థం. చిన్న కంచెల ఇడిస్తే, ఓడిపోయిన పోతు ఉరికేటందుకు జాగ లేక మూలకు చిక్కి కొమ్ముపోట్లకు సస్తది. కొత్త జాలీ కనిపించక పూర జోరుగ గుద్దుకొని మెడ ఇరుగుతది. అందుకే మొదటి దినాలల్ల జాలీకి గుడ్డపేలికలు కట్టాలె, మూలలను గుండ్రంగ మలపాలె, తొట్లు నాలుగైదు దూరం దూరం పెట్టాలె.

పిల్లలతోని ఆ 20 గీతలు గీయించి పంపు. తిండి పెట్టే టైం కూడ పక్కన రాయించు, మర్శిపోకు.

నీ
మల్లేశ్