ఆ బాంబర్లకు హైదరాబాద్ పేరు

సంపాదకులకు,

రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ బాంబర్ల సాహసాలపై మీ వ్యాసం బాగుంది. కానీ మన ఊరి ఊసే లేదేంటండీ? మొదటి యుద్ధంలో నిజాం డబ్బుతో (అంటే రైతుల శిస్తుతోనే లెండి) విమానాలు కొన్నందుకు బ్రిటిష్ వైమానిక దళంలోని 110వ స్క్వాడ్రన్‌కు (విమానాల బృందానికి) ‘హైదరాబాద్’ పేరు పెట్టారు. 1939 సెప్టెంబర్ 4న, బ్రిటన్ యుద్ధం ప్రకటించిన మర్నాడే, జర్మనీ నౌకాస్థావరం విల్‌హెల్మ్స్‌హావెన్ దగ్గర జర్మన్ యుద్ధనౌకలపై దాడికి వెళ్లింది వీళ్ల బ్లెన్‌హైమ్ విమానాలే. మబ్బుల కింద బాగా తక్కువ ఎత్తులో దూసుకెళ్లి ‘అడ్మిరల్ షేర్’ అనే యుద్ధనౌకను కొట్టారు. తీరా చూస్తే తగిలిన బాంబులు పేలనే లేదు! వెనకే వెళ్లిన 107వ స్క్వాడ్రన్‌కైతే ఐదింటిలో ఒక్క విమానమే మిగిలింది. దీనిపై ఆదివారం ఒక పేజీ కేటాయించండి.

– ఒక పాఠకుడు, సికింద్రాబాద్