విదేశీ విద్యార్థులతో ఆన్‌లైన్ సహాధ్యయనానికి మా టైంటేబుల్‌లో చోటివ్వండి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి,

నెల్లూరులో డిగ్రీ విద్యార్థులకు జంతుశాస్త్రం బోధించే అధ్యాపకుడిగా ఈ లేఖ రాస్తున్నాను. నెల్లూరు, ప్రకాశం జిల్లాల డిగ్రీ విద్యార్థులు విదేశీ కళాశాలల విద్యార్థులతో జట్టుకట్టి, ఎవరి ఊళ్లో వారుంటూనే కొన్ని వారాలపాటు ఒకే అంశంపై పనిచేసే ఆన్‌లైన్ సహాధ్యయనాన్ని క్రెడిట్లున్న కోర్సుగా గుర్తించాలనీ, దాన్ని నడిపే అధ్యాపకుల పనిభారంలో ఆ గంటలను లెక్కించాలనీ తమరిని కోరుతున్నాను. ఈ రెండూ లేకుండా మొదలైతే అది ఒక పూట వెబినార్‌తో, ఒక గ్రూప్ ఫొటోతో, ఒక సర్టిఫికెట్‌తో ముగిసిపోతుందన్నదే నా ఆందోళన.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. న్యూయార్క్ రాష్ట్ర విశ్వవిద్యాలయం 2006లోనే ఇందుకోసం ప్రత్యేక కేంద్రాన్ని నెలకొల్పింది; యూరోపియన్ యూనియన్ 2018లో ఎరాస్మస్ ప్లస్ అనే తన విద్యా పథకం కింద ఇటువంటి కార్యక్రమాన్నే ప్రారంభించింది. రెండు దేశాల అధ్యాపకులిద్దరు ముందుగా మాట్లాడుకుని తమ సిలబస్‌లలో కలిసే భాగాన్ని ఎంచుకుంటారు. ఆ తరువాత రెండు వైపుల విద్యార్థులనూ కలిపి చిన్న జట్లుగా చేసి, ఆరు నుంచి ఎనిమిది వారాల్లో పరిచయం, ఉమ్మడి పని, నివేదిక, సమీక్ష పూర్తి చేయిస్తారు. మార్కులు ఏ కళాశాల విద్యార్థులకు ఆ కళాశాలే వేస్తుంది. పాస్‌పోర్టు కూడా లేని పిల్లలకు ఇది అందుతుంది. మా తరగతుల్లో అత్యధికులు అటువంటివారే.

ఏ అంశం మీద కలిసి పనిచేస్తారని తమరు అడగవచ్చు. దానికి సమాధానం మన జిల్లాల్లోనే ఉంది. ఒంగోలు జాతి పశువులు పంతొమ్మిదో శతాబ్దంలోనే బ్రెజిల్ చేరాయి. అక్కడ వాటిని నెలోర్ పేరుతో పెంచుతున్నారు. ఇరవై కోట్లకు పైబడిన ఆ దేశపు పశుసంపదలో సింహభాగం ఆ జాతిదీ, దాని సంకరాలదే. 2023లో వేలానికి వచ్చిన వియాటినా-19 అనే నెలోర్ ఆవు విలువ 40 లక్షల డాలర్లు దాటిందన్న వార్త మా విద్యార్థుల ఫోన్లన్నింటిలో తిరిగింది. ఇక్కడ చూస్తే ట్రాక్టర్లు వచ్చాక దుక్కిటెద్దుల అవసరం తగ్గిపోయింది. బండలాగుడు పందేలపై మక్కువ ఉన్న రైతుల దొడ్లలో, ప్రకాశం జిల్లా చదలవాడ పశుక్షేత్రంలో తప్ప మేలుజాతి పశువు తేలిగ్గా కనిపించడం లేదు. ఒకే జాతిని అక్కడ మాంసం కోసమూ, ఇక్కడ దుక్కి బలం కోసమూ తరతరాలుగా ఎంపిక చేస్తూ వస్తే ఏయే లక్షణాలు మారాయన్నది జన్యుశాస్త్రంలో నేను బోర్డు మీద గీసి చెప్పే పాఠమే. కావలి విద్యార్థి టేపు పట్టుకుని గిత్త ఛాతీ చుట్టుకొలతను, మూపురం ఎత్తును, గంగడోలు వేలాడే తీరును నమోదు చేసి, బ్రెజిల్ నగరం ఉబెరాబాలోని విద్యార్థి పంపిన కొలతల పక్కన పెట్టి చూసుకుంటే ఆ పాఠాన్ని నేను మళ్లీ చెప్పవలసిన అవసరం ఉండదు. పైగా బ్రెజిల్ వారిది పోర్చుగీసు, మనది తెలుగు. ఇంగ్లీషు ఇరువురికీ నేర్చుకున్న భాషే కనుక, తప్పు మాట్లాడతామేమోనన్న బెరుకు మన పిల్లలకు సగానికి సగం తగ్గుతుంది.

వేళల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇటువంటి ప్రయత్నాలు ఎక్కువగా అక్కడే దెబ్బతింటాయి. ఉబెరాబా గడియారం మనకంటే ఎనిమిదిన్నర గంటలు వెనుక నడుస్తుంది. బ్రెజిల్ 2019లో వేసవిలో గడియారాలను గంట ముందుకు జరిపే పద్ధతిని రద్దు చేసింది కాబట్టి ఈ తేడా ఏడాది పొడవునా మారదు. అక్కడ ఉదయం ఎనిమిదికి తరగతి పెడితే మనకు సాయంత్రం నాలుగున్నర. అయిదున్నరకల్లా ముగిస్తే ఉదయగిరి, వింజమూరు వైపు వెళ్లే ఆడపిల్లలు బస్సు అందుకోగలరు. అర్ధరాత్రి దాకా కూర్చోవలసిన వేళను ఖరారు చేస్తే ముందుగా మానేసేది వారే. ప్రత్యక్ష తరగతి వారానికొకటి చాలు. మిగిలిన పనిని ఫోనులో రికార్డు చేసి పంపుకోవచ్చు.

గతంలో మా విభాగం ఒక విదేశీ కళాశాలతో కలిసి అనధికారికంగా ఈ ప్రయత్నం చేసింది. మొదటి తరగతిలో ఒకే గదిలో పిల్లలందరూ ఎవరి ఫోను వారు తెరవడంతో స్పీకర్లు హోరెత్తి ఒక్క మాటా వినబడలేదు. తరువాత జట్టుకొక ఫోను, ఒక ఇయర్‌ఫోన్ అని నియమం పెట్టుకున్నాం. పేరు, గ్రూపు, ఊరు చెప్పి మౌనంగా కూర్చున్న పిల్లలు, మీ ఇంట్లో పశువులున్నాయా అని అవతలి వైపు నుంచి ఒక విద్యార్థిని అడిగేసరికి ఒకరి మీద ఒకరు పడి మాట్లాడారు. ఆ ఉత్సాహం నిలవలేదు. పని మొత్తాన్ని సొంత వేళల్లో మోసిన సహాధ్యాపకురాలికి బదిలీ అయింది. కోర్సుకు కాగితం మీద ఉనికి లేనందున ఆమె తరువాత దాన్ని అందుకోవలసిన బాధ్యత ఎవరికీ లేకపోయింది. క్రెడిట్ గురించి ఇంతగా పట్టుబట్టడానికి కారణం అదే.

పశువులు ఒక్కటే కాదు. అమెరికా ఖండాల పసిఫిక్ తీరానికి చెందిన వనామీ రొయ్యను మన తీరమంతా సాగు చేస్తున్నాం. దాని ఎగుమతుల్లో ముందున్న ఈక్వెడార్ విద్యార్థులతో మన ఆక్వా విద్యార్థులు మాట్లాడుకోవలసింది చాలా ఉంది. చీమకుర్తి గ్రానైట్ సంగతి భూగర్భశాస్త్ర, వాణిజ్యశాస్త్ర విభాగాలవారు నాకంటే బాగా చెప్పగలరు.

డిగ్రీ మొదటి సంవత్సరం తరువాత రెండు నెలల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఇప్పటికే ఉంది. ఆన్‌లైన్ సహాధ్యయనాన్ని దానికి అనుబంధంగా చేర్చడానికి కొత్త వ్యవస్థ ఏదీ అవసరం లేదు. ముందుగా విక్రమ సింహపురి, ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయాల పరిధిలో ఆసక్తి ఉన్న కొన్ని కళాశాలలతో మొదలుపెట్టించండి. కళాశాలకొక గదిలో మంచి మైకు, స్పీకరు, కరెంటు పోయినా ఆగని యూపీఎస్ ఉంటే సరిపోతుంది. దయచేసి దీన్ని ఏ ప్రైవేటు ఏజెన్సీకీ అప్పగించవద్దు. అంశాన్నీ, అవతలి కళాశాలనూ ఎంచుకునే స్వేచ్ఛ బోధించేవారి చేతిలోనే ఉండాలి. విదేశీ అధ్యాపకులతో సిలబస్ కుదుర్చుకోవడానికి కనీసం ఒక సెమిస్టర్ వ్యవధి పడుతుంది కాబట్టి, వచ్చే విద్యా సంవత్సరపు క్యాలెండర్ ఖరారయ్యేలోగానే ఉన్నత విద్యామండలి ద్వారా ఉత్తర్వులు వెలువడేలా చూడవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
జంతుశాస్త్ర అధ్యాపకుడు,
నెల్లూరు